గడప దాటించే పని

సింగపూర్ ఉత్తర కొసన వుడ్‌లాండ్స్‌లో, రోడ్డు దాటే చోట సిగ్నల్ స్తంభానికి ఓ చిన్న పెట్టె బిగించి ఉంటుంది. పెద్దవాళ్లు తమ రాయితీ కార్డును దానికి ఆనిస్తే చాలు, పచ్చ మనిషి బొమ్మ మరికాసేపు వెలుగుతుంది. రోడ్డు వెడల్పును బట్టి 3 నుంచి 13 సెకన్లు అదనం. 2009లో మొదలుపెట్టిన ఏర్పాటు ఇది. చేతికర్రతో వచ్చిన ఓ పెద్దావిడ కార్డు ఆనించి, సంచీ భుజానికి సర్దుకుని, తాపీగా అవతలికి చేరింది. ఆగిన కార్లలో ఒక్కటీ హారన్ కొట్టలేదు. అమీర్‌పేట కూడలి దాటడం అలవాటైన ప్రాణాలకి అదే ఓ వింత.

ఆవిడ బయల్దేరింది రమ్మీ ఆటకి.

పెద్దవాళ్లకు ఆటపాటలు, వ్యాయామం, కాలక్షేపం ఏర్పాటు చేయడం ఏ ఊరికైనా పెద్ద పనేం కాదు. ఓ హాలు, కొన్ని కుర్చీలు, ఒక మైకు ఉంటే నడిచిపోతుంది. పిల్లలు వేరే కాపురాలు పెట్టాక ఒంటరిగానో, దంపతులిద్దరేగానో తమ వంట తాము వండుకుంటూ బతికే పెద్దమనిషిని ఆ హాలు దాకా రప్పించడమే కష్టం. సింగపూర్ డబ్బూ బుర్రా రెండూ గట్టిగా ఖర్చుపెడుతున్నది ఇంటికీ హాలుకీ మధ్య ఉన్న ఈ దూరం మీదే. 2030 నాటికి అక్కడి పౌరుల్లో నలుగురికి ఒకరు 65 దాటినవాళ్లు ఉంటారు. ఖర్చుపెట్టక తప్పదు కూడా.

పెద్దావిడ వెనకే వెళ్తే కంపొంగ్ అడ్మిరల్టీ వచ్చింది. కంపొంగ్ అంటే మలయ్‌లో పల్లె. రెండెకరాల పైచిలుకు స్థలంలో 11 అంతస్తులు లేపి దానికి పల్లె అని పేరు పెట్టారు. వోహా అనే స్థానిక ఆర్కిటెక్టుల సంస్థ గీసిన భవనం ఇది. 2018లో అప్పటి ప్రధాని లీ సియన్ లూంగ్ ప్రారంభించారు. అదే ఏడాది ప్రపంచ ఆర్కిటెక్చర్ ఉత్సవంలో ఆ సంవత్సరపు మేటి భవనంగా ఎంపికైంది. నేలమీద గోడల్లేని పెద్ద చావడి. దాని మీద తిండి అంగళ్ల అంతస్తు. ఆ పైన వైద్య కేంద్రం. ఇంకా పైన పసిపిల్లల బడి, పెద్దవాళ్ల కేంద్రం పక్కపక్కనే. ఆపైన మెట్లుమెట్లుగా తోటలు, మిద్దె మీద కూరగాయల మడులు. అన్నిటినీ ఆనుకుని 55 ఏళ్లు దాటినవాళ్ల కోసం 104 ఫ్లాట్లు. మెట్రో స్టేషన్ పక్కనే.

ఫ్లాట్లు చిన్నవి. ఒక రకం 36 చదరపు మీటర్లు, ఇంకో రకం 45. మన లెక్కలో పెద్దదే 500 చదరపు అడుగులు ఉండదు. ఇంత చిన్న ఇంట్లో రోజంతా ఎవరు కూర్చుంటారు, బయటికి రాక ఛస్తారా అనిపిస్తుంది కానీ, చిన్న ఇళ్లలోనే తలుపు వేసుకుని టీవీ ముందు రోజులు వెళ్లదీసేవాళ్లు ఎంతమందో. ఆ సంగతి కట్టినవాళ్లకి తెలుసు. అందుకే గుమ్మాల దగ్గర బెంచీలు వేశారు. స్నేహ బెంచీలని వాటికి పేరు. ఇద్దరు కూర్చోవచ్చు, మూడో మనిషి నిలబడి మాట్లాడొచ్చు. పాతకాలం తెలుగిళ్ల వీధి అరుగు చేసే పనే ఇదీ చేస్తుంది: బయటికి వచ్చినట్టూ ఉంటుంది, ఇల్లు వదిలినట్టూ ఉండదు.

ఓ బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్లు తోటకూర తుంచుతున్నారు. అక్కడ దాన్ని బయమ్ అంటారు. ఆకు మనదే, కాడ కొంచెం లావు. కట్ట ఒకావిడది, తుంచే చేతులు ఇద్దరివి. గిన్నెలోకి లేత ఆకు, కాగితం మీదికి ముదురు కాడ. ఒకావిడ చైనీస్, ఒకావిడ మలయ్. మధ్యలో ఇంగ్లిషు, మలయ్ కలగలిపిన మాటలు. పది గంటలు కాగానే గిన్నె లోపల పెట్టి, తలుపు గడియ వేసి, ఇద్దరూ లిఫ్టు వైపు నడిచారు. ఈ ఇద్దరిలో ఒకరు ఇంట్లోనే ఉండిపోతే రెండో మనిషి కూడా వెళ్లదని కేంద్రంలో పనిచేసే అమ్మాయి తర్వాత చెప్పింది.

కేంద్రంలో రమ్మీ అప్పటికే మొదలైంది. అక్కడ ఆడేది పేకముక్కలతో కాదు, పలకలతో. రమ్మీ-ఓ అంటారు. 1 నుంచి 13 దాకా అంకెలు, నాలుగు రంగులు, రెండేసి జతలు, రెండు జోకర్లు; మొత్తం 106. వరసలూ సెట్లూ కట్టాలి. మొదటిసారి కింద పరచాలంటే దించే పలకల విలువ 30 ఉండాలి. తర్వాత బల్ల మీద ఉన్న ఎవరి వరసనైనా విడగొట్టి తనది కలుపుకోవచ్చు. మన రమ్మీలో లేని కిటుకు అదే, గొడవలు వచ్చేదీ అక్కడే. చెవిలో మిషను పెట్టుకున్న ఓ పెద్దాయన వరసను నాలుగు ముక్కలు చేసి మళ్లీ కూర్చడం మర్చిపోయాడు. ఎదురుగా ఉన్న ఆవిడ అరిచింది. పక్కావిడ ఆయన తరఫున అరిచింది. ఆయన నింపాదిగా పలకలు జరుపుకుంటూ ఓ నీలం 9ని ఎక్కడి నుంచి తీశాడో అక్కడే పెట్టేసి నవ్వాడు. డబ్బు పందేలు లేవు. అయినా ఆ పట్టుదల చూస్తే సంక్రాంతికి అల్లుళ్లు ఆడే పేకాట గుర్తొచ్చింది.

ఆట, పాట కాక వ్యాయామం సంగతి వేరే చెప్పాలి. 2015లో లియన్ ఫౌండేషన్ అనే దాతృత్వ సంస్థ 'జిమ్ టానిక్' పేరుతో వృద్ధుల కేంద్రాల్లో కసరత్తు యంత్రాలు పెట్టించడం మొదలుపెట్టింది. ఫిన్లాండ్ సరుకు. ఇనుప పళ్లేల బరువులకు బదులు గాలి ఒత్తిడితో పనిచేస్తాయి కాబట్టి బరువును కొద్దికొద్దిగా పెంచొచ్చు, వదిలేస్తే దబ్బున పడదు. ఎవరి లెక్క ఎంతో యంత్రమే గుర్తుపెట్టుకుంటుంది. 75 ఏళ్ల మనిషికి కావలసింది కండలు కాదు. కుర్చీలోంచి చెయ్యి ఆనకుండా లేవడం, బస్సు మెట్టెక్కడం. ఆ రెండూ వస్తే తర్వాతి వారం కేంద్రానికి రావడం దానంతట అదే తేలికవుతుంది.

వచ్చేవాళ్ల కథ ఇది. రానివాళ్ల కథ తెలియాలంటే వేరే పేటకి, పాత బ్లాకులకి వెళ్లాలి.

సింగపూర్ జనంలో అత్యధికులు ఉండేది గృహనిర్మాణ మండలి హెచ్‌డీబీ కట్టిన ప్రభుత్వ ఫ్లాట్లలో. 1960లో పుట్టిన సంస్థ. చాలా బ్లాకుల్లో నేల అంతస్తు ఖాళీగా ఉంటుంది, వాయిడ్ డెక్ అంటారు. మలయ్ పెళ్లిళ్లు అక్కడే, చైనీస్ చావుల కార్యక్రమాలూ అక్కడే. పెద్దవాళ్ల కేంద్రాలూ ఎక్కువగా అక్కడే. అంటే కేంద్రం ఎక్కడో లేదు, కాళ్ల కిందే ఉంది. అయినా ఎనిమిదో అంతస్తు మనిషి దిగి రాడు. ఒకప్పుడు దానికి లిఫ్టు మీద నెపం ఉండేది: పాత బ్లాకుల్లో లిఫ్టు కొన్ని అంతస్తుల్లోనే ఆగేది, మిగతావాళ్లు మెట్లు ఎక్కాల్సిందే. 2001లో మొదలైన పథకంతో, వీలైన ప్రతి బ్లాకులోనూ అన్ని అంతస్తుల్లో లిఫ్టు ఆగేలా చేసుకుంటూ వచ్చారు. నెపం పోయింది. మనిషి మాత్రం దిగడం లేదు.

ఆ తలుపులు తట్టే పని చేస్తున్న ఓ తెలుగావిడ పరిచయమైంది. గుంటూరు నుంచి వెళ్లి అక్కడే స్థిరపడి, ఉద్యోగం మానేశాక స్వచ్ఛంద సేవలో చేరింది. "నా పేరు వేయకండి అన్నయ్యా, నేను చేసేది గొప్పేం కాదు" అంది. 2014లో 'పయనీర్ తరం' అని పిలిచే తొలితరం వృద్ధులకు ప్రభుత్వ రాయితీలు విడమర్చి చెప్పడానికి ఓ కార్యాలయం పెట్టి, ఇంటింటికీ మనుషులను పంపారు. తర్వాత దాన్నే సిల్వర్ జనరేషన్ ఆఫీసుగా మార్చి, 2018లో వృద్ధుల సంరక్షణ చూసే ఏజెన్సీలో కలిపారు. రాయితీల గురించి చెప్పడానికి పుట్టిన దళం ఇప్పుడు ఒంటరితనం లెక్క తీస్తోంది. ఈవిడ వెళ్లేది ఆ తోవలోనే.

"తలుపు తట్టకముందే ఇల్లు సగం చెప్పేస్తుంది" అంటుందామె. తలుపుకి ముందు ఇనుప గ్రిల్లు ఉంటుంది. దాంట్లో మొన్నటి కరపత్రాలు అలాగే ఇరుక్కుని ఉన్నాయా? బయట చెప్పులు ఒక్క జతేనా? వరండాలో కుండీలు పచ్చగా ఉన్నాయా, ఎండిపోయాయా? పక్కింటివాళ్లు అడక్కుండానే చెబుతున్నారా, తల తిప్పుకుంటున్నారా? వీటిని బట్టి లోపలి మనిషితో ఏ గొంతుతో మాట్లాడాలో తేల్చుకుంటుంది.

మొదటిసారి కేంద్రం ఊసే ఎత్తదు. తిన్నారా, బీపీ మాత్రలు ఉన్నాయా అయిపోయాయా, మోకాలు ఎలా ఉంది. అంతా గ్రిల్లు ఇవతల నిలబడే. రెండోసారి గ్రిల్లు తెరుచుకుంటే కూర్చుంటుంది. నెల కార్యక్రమాల కాగితం తీసేది అప్పుడు. కాగితం ఇచ్చి వచ్చేస్తే అది ఫ్రిజ్ మీదికి వెళ్తుంది కానీ మనిషి కిందికి రాడని ఆమె అనుభవం.

"తీరిక లేదు" అనేది అందరూ చెప్పే మాట. లోపలి మాట రాబట్టడానికి నెలలు పడుతుంది. ఒకాయనకి చెవులు వినపడవు. కరోకే మోగే హాల్లో పక్కవాడి మాట అర్థంకాక వెర్రినవ్వు నవ్వాల్సి వస్తుందని భయం. ఒకావిడకి మాటిమాటికీ బాత్రూముకి వెళ్లాలి. కేంద్రంలో అది ఎక్కడుందో తెలియదు, అడగడానికి సిగ్గు. మనవడిని బడి నుంచి తేవాల్సిన వేళకే అక్కడ వ్యాయామం. చాలామందికి అసలు సమస్య ఒకటే: వెళ్తే ఎవరి పక్కన కూర్చోవాలి? పదిమంది ఏళ్లుగా కలిసి ఆడుతున్న బల్ల దగ్గరికి పదకొండో మనిషి వెళ్లడం ఏ వయసులోనైనా చిన్న విషయం కాదు.

ఇంకో కారణం విని ఆశ్చర్యపోయాం. "అది బీదవాళ్లదమ్మా" అంటారట కొందరు. దానికి మూలం ఉంది. మొన్నమొన్నటి దాకా ఈ కేంద్రాలు అద్దె ఫ్లాట్లలో ఉండే తక్కువ ఆదాయం వృద్ధుల కోసమే నడిచాయి. 2021 నుంచి వాటిని యాక్టివ్ ఏజింగ్ సెంటర్లుగా మార్చి, చుట్టుపక్కల 60 దాటినవాళ్లందరికీ తెరిచారు. బోర్డు మారింది. బోర్డు మీద జనానికున్న అభిప్రాయం అంత తొందరగా మారదు. సొంత ఫ్లాటు కొనుక్కుని, జీవితమంతా ఒకరి ముందు చెయ్యి చాచని మనిషికి ఉచితం అన్న మాటే అడ్డు. అందుకని ఈమె "ఉచితం" అనడం మానేసింది. "మీరు వస్తే మాకు సాయం" అంటుంది.

అది ఉత్త మాటనేర్పు కాదు. మొదటి రోజు తనే వచ్చి వెంట తీసుకెళ్తుంది. ముందే కేంద్రానికి ఫోన్ చేసి, మైకుకి దూరంగా, బాత్రూముకి దగ్గరగా ఓ కుర్చీ ఉంచమంటుంది. ఓ గంట పక్కనే కూర్చుంటుంది. రెండోసారి అదే అంతస్తులో ఉండే మరో సభ్యురాలికి అప్పగిస్తుంది. మూడోసారి ఎవరూ పిలవకుండా వాళ్లే వస్తే ఆ పేరు పక్కన టిక్కు పెట్టుకుని వేరే తలుపుకి. ఇంత పని ఒక్క మనిషి కోసం. ప్రభుత్వం 2023లో ప్రకటించిన ఏజ్ వెల్ ఎస్‌జీ పథకానికి పదేళ్లలో 350 కోట్ల సింగపూర్ డాలర్లు పెడతామంది. 2025కల్లా కేంద్రాలు 220 ఉండాలని గురి పెట్టుకుంది. కేంద్రాలు లెక్కకి దొరుకుతాయి. ఈ కుర్చీ జరపడం ఏ పద్దు కింద రాస్తారో! హాజరు పట్టీ నిండుగా కనిపించాలంటే వచ్చేవాళ్లనే మూడు కార్యక్రమాలకు పిలిస్తే సరిపోతుంది. ఎనిమిదో అంతస్తు గ్రిల్లు దగ్గర నిలబడక్కర్లేదు. లెక్కలు అడిగేవాళ్లు తలలు కాక తలుపులు లెక్కపెడితే బాగుండునని ఆమెతో తిరిగిన ఎవరికైనా అనిపిస్తుంది.

మగవాళ్ల దగ్గర ఈమెకు ఓటములే ఎక్కువ. ఏ కేంద్రంలో చూసినా ఆడవాళ్లదే సందడి. మగవాళ్లు బ్లాకు కింద కాఫీ కొట్లో, ఒక్కో బల్లకి ఒక్కొక్కరు, చక్కెర లేని నల్ల కాఫీ ముందు పెట్టుకుని కూర్చుంటారు. కలిసి కూర్చున్నట్టే ఉంటుంది, మాట ఉండదు. డాన్సు, కాగితం పూలు, పాటలు అంటే ఆ మొహాలు ముడుచుకుంటాయి. పని ఇస్తే కదులుతారు. మెరీన్ టెర్రస్‌లో మాంట్‌ఫోర్ట్ కేర్ అనే సంస్థ వాయిడ్ డెక్‌లో ఉమ్మడి వంటగది నడుపుతోంది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు అక్కడ తామే తరిగి, తామే వండి, కలిసి తింటారు. వడ్డించుకునే చోట ఎవరూ రోగీ కాదు, లబ్ధిదారూ కాదు. కూరలో ఉప్పెక్కువైందని తిట్టే హక్కు కూడా ఉంటుంది.

భాష మరో గోడ. అక్కడ అధికార భాషలు నాలుగు: ఇంగ్లిషు, మాండరిన్, మలయ్, తమిళం. పాతతరం చైనీయుల్లో హొక్కియన్, కాంటనీస్ తప్ప మాండరిన్ సరిగా రానివాళ్లూ ఉన్నారు. మన గుంటూరావిడకి తమిళం పనికొస్తుంది. తెలుగు వాడే ఇళ్లు అరుదు. తెలుగువాళ్ల కూడిక అంటే 1975 నుంచి ఉన్న సింగపూర్ తెలుగు సమాజం పండగలే. ఇక కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో దీర్ఘకాలిక పాసు మీద వచ్చే మన అమ్మానాన్నలది ఇంకో ఇరకాటం. ఈ కేంద్రాలు అక్కడి పౌరుల కోసం, శాశ్వత నివాసుల కోసం పెట్టినవి. ఆరుబయట చావడిలో చేసే వ్యాయామానికి మాత్రం ఎవరైనా వెళ్లి నిలబడొచ్చు. రాజమండ్రి నుంచి వచ్చిన ఓ అమ్మగారు చీర కొంగు బిగించి, స్పోర్ట్స్ బూట్లు వేసుకుని చివరి వరసలో కనిపించారు. ముందున్న శిక్షకుడు మాండరిన్‌లో అంకెలు చెబుతున్నాడు. అర్థమవుతుందా అంటే, "చెయ్యెత్తమంటే ఎత్తడానికి భాషెందుకండీ, ముందువాళ్లని చూసి ఎత్తేయడమే" అన్నారు. పక్క వరసలోని చైనీస్ ఆవిడ రోజూ ఈమె కోసం చోటు పట్టి ఉంచుతుందట. ఇద్దరికీ ఒకరి పేరు ఒకరికి తెలియదు.

ఈ తలుపు తట్టే బెడదే లేకుండా ఇల్లూ వ్యాపకమూ కలిపి అమ్మితే? ఆ ప్రయోగమూ జరుగుతోంది. బుకిట్ బాటోక్‌లో హార్మనీ విలేజ్ అని 169 చిన్న ఫ్లాట్లు. 2021లో అమ్మకానికి పెడితే గిరాకీ విరగబడింది, 2024లో పూర్తయింది. 65 దాటినవాళ్లకే. 15 నుంచి 35 ఏళ్ల లీజు తీసుకోవచ్చు. కొన్నవాళ్లు సేవల ప్యాకేజీకి విధిగా చందా కట్టాలి: అర్ధరాత్రి అయినా పలికే అత్యవసర సాయం, ఆరోగ్య పరీక్షలు, సామూహిక కార్యక్రమాలు, వీటన్నిటినీ చూసే ఓ మేనేజరు. ఎలాగూ డబ్బు కట్టాం కదా అని దిగి వచ్చేవాళ్లు కొందరైనా ఉంటారు. మొహమాటం పోవడానికి రశీదును మించిన మందు లేదేమో. కానీ దేశంలోని వృద్ధులందరినీ 169 ఫ్లాట్లలోకి మార్చలేరు. ఎక్కువమంది ఉన్న ఇంట్లోనే, తెలిసిన కాఫీ కొట్టు పైనే ముసలివాళ్లవుతారు. కాబట్టి గుంటూరావిడ పని ఎక్కడికీ పోదు.

తల్లిదండ్రులను పిల్లలు పోషించాలని సింగపూర్ 1995లోనే చట్టం చేసింది. మన దేశంలో అలాంటిది 2007లో వచ్చింది. చట్టం భరణం ఇప్పించగలదు. మంగళవారం పొద్దున ఎక్కడికి వెళ్లాలో చెప్పలేదు.

గుంటూరావిడ జాబితాలో చాలాకాలంగా టిక్కు పడని పేరు ఒకటుండేది. రిటైరైన బస్సు డ్రైవరు, భార్య పోయాక ఒక్కడే. రమ్మీ వద్దు, పాట వద్దు, జిమ్ము వద్దు. వెళ్లినప్పుడల్లా గ్రిల్లు అవతల నుంచి "తర్వాత చూద్దాం" అనేవాడు. ఈసారి ఆమె కార్యక్రమాల కాగితం తీసుకెళ్లలేదు. కేంద్రం సభ్యులు కొందరిని బస్సులో పెద్ద కూరగాయల మార్కెట్టుకి తీసుకెళ్లాలి, ఏ నంబరు బస్సు మంచిదో చెప్పమని అడిగింది. మర్నాడు కేంద్రానికి తనే దిగి వచ్చాడు, చేతిలో గీతలు గీసిన కాగితంతో. అక్కడి పనివాళ్లు వేసుకున్న పథకం చూసి తల అడ్డంగా ఊపాడు. బస్సులన్నీ చక్రాల కుర్చీలు ఎక్కేలా ఉన్నమాట నిజమే కానీ ఒక్కో బస్సులో వాటికి చోటు ఒకటో రెండో. మూడు కుర్చీలతో పదిహేనుమంది ఒకేసారి ఎక్కుతామంటే డ్రైవరు ఏం కావాలి, వెనక జనం ఏం కావాలి? పైగా వీళ్లు పెట్టుకున్న వేళకి బడిపిల్లల రద్దీ. రెండు జట్లుగా, తొమ్మిదిన్నర తర్వాత వెళ్లాలన్నాడు. మొదటి జట్టుకి మీరే ముందుండండి అంది కేంద్రం మేనేజరు. రెండో జట్టుకే ఉంటానన్నాడు; నడవలేనివాళ్లు అందులోనే ఉన్నారట. మేం బయల్దేరే వేళకి, తిరుగు ప్రయాణంలో కూరగాయల సంచులు ఎవరు మోయాలన్న దగ్గర వాదన ఇంకా నడుస్తోంది.